సున్నప్ప ఆడిన నేలా-బండా

ఒకప్పుడు గులకరాళ్లు ఒక్కచోట కుదురుగా కూర్చునేవి కావు. ఇప్పుడు మాత్రం ఎందుకు కూర్చుంటున్నాయంటారా? తొందరపడకండి, ఆ సంగతే చెప్పబోతున్నాను.

వానలు తక్కువ పడే సీమలో ఒక గుట్ట ఉండేది. గుట్ట వాలంతా గొర్రెలు మేసే బీడు. ఆ బీడు నిండా గులకరాళ్లే. ఎర్రవి, నల్లవి, గోళీలంతవి, గుమ్మడికాయలంతవి. ఒక్కదానికీ బుద్ధి లేదు. నాలుగు చినుకులు పడితే చాలు, "జారండ్రోయ్!" అని అరుచుకుంటూ గుట్ట కింద పారే వంకలోకి దొర్లిపోయేవి.

పోయేవి ఊరికే పోయేవా? మట్టిని కూడా చెయ్యి పట్టుకుని లాక్కుపోయేవి. మట్టి పోయాక గడ్డి దేనిమీద నిలబడుతుంది? అదీ వేళ్లతో సహా వంకపాలే.

ఆ బీడులో మారెక్క అనే ముసలామె గొర్రెల మంద మేపుకునేది. ఆమె కళ్లముందే పక్కనున్న రెండు గుట్టలు బోడిగుండ్లయిపోయాయి. మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే మందను తోలుకుని పరాయి సీమకు పోవాలి. అంత దూరం నడిస్తే ఈనిన గొర్రెలు, గొర్రెపిల్లలు దారిలోనే రాలిపోతాయి. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు గుండె నీరయ్యేది.

ఒకరోజు తూర్పున మబ్బు లేచింది. గులకరాళ్లు అప్పుడే ఒళ్లు విరుచుకుంటున్నాయి.

"ఒరేయ్, యాడికిరా మళ్లా?" అంది మారెక్క. "ఈ ఒక్క గుట్టనన్నా ఉండనీయండ్రా. ఇది గూడా బోడిదైతే నా గొర్రెలు ఏం తినల్ల?"

"మమ్మల్ని తినమను అవ్వా! పళ్లు గట్టివే గదా!" అని రాళ్లు పడీపడీ నవ్వాయి.

మారెక్కకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినప్పుడు ఆకూవక్కా నమలడం ఆమెకు అలవాటు. సంచి విప్పి చూస్తే సున్నం అయిపోయింది. దాంతో ఆమెకు ఒక ఉపాయం తట్టి, సాయం అడగడానికి సున్నప్ప దగ్గరికి నడిచింది.

సున్నప్ప ఎవరంటే, ఆ గుట్ట మీద తెల్లదుమ్ములా పడుండే పెద్దమనిషి. ఎవరి జోలికీ పోడు, ఎక్కడికీ కదలడు. మారెక్క అప్పుడప్పుడూ కాస్త గీరుకుపోయి, కాల్చి, ఆకుకు రాసుకునేది. ఆ కోపం ఆయనకు ఎప్పుడూ ఉండేది.

"వచ్చినావా? గీరుకో, కాల్చుకో, నమిలి ఊసెయ్యి. నాకు నోరు యాడుంది?" అన్నాడు.

"నేను సున్నానికి రాలేదప్పా, సాయానికి వచ్చినా," అంది మారెక్క. సంగతంతా చెప్పి కళ్లు తుడుచుకుంది. "ఇన్నాళ్లూ నా నోరు పండించింది నువ్వే. నా గొర్రెల కడుపు గూడా నువ్వే చూడల్ల."

సున్నప్ప మెత్తబడ్డాడు. "నాకు వచ్చిన విద్య ఒగటే అక్కా. అంటుకుంటే వదల్ను. తర్వాత నువ్వొచ్చి కాస్త వదులు చెయ్యప్పా అంటే కుదరదు."

"అడగను పో!"

"ఇంగొగటి. నాకు కాళ్లు లేవు. వాళ్లేమో దొర్లే రకం. నేనెట్ల పట్టేది?"

మారెక్క సున్నం లేని ఆకే నములుతూ ఆలోచించింది. ఎంత అల్లరిమూకైనా ఆట అంటే ఆగుతుంది. ఆమె రాళ్ల దగ్గరికి తిరిగొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పోదురుగానిలేరా. పోయేముందు నేలా-బండా ఆడండి. సున్నప్పే దొంగ. దొరికినోళ్లు దొరికినచోటే ఎప్పటికీ కూర్చోవల్ల. పొద్దుగూకేలోగా ఒక్కరన్నా దొరక్కపోతే, నేనే మిమ్మల్ని తట్టకెత్తి వంకలో పోస్తా!"

"ఆ కదలలేని ముసలాయనా దొంగ?" రాళ్లు సంబరంతో ఎగిరాయి. "ఆడదాం, ఆడదాం!"

నేలా-బండా మీకు తెలిసిందే కదా. దొంగను అందరూ అడుగుతారు, నేల కావాలా, బండ కావాలా అని. దొంగ నేల కోరుకుంటే మిగతావాళ్లు బండెక్కాలి. బండ కోరుకుంటే నేలమీదే ఉండాలి. దొంగ కోరుకున్నచోట కాలు పెట్టినవాడు దొరికినట్టే.

"సున్నప్పా, సున్నప్పా! నేల కావాలా, బండ కావాలా?"

"బండ!" అన్నాడు సున్నప్ప.

రాళ్లకు నవ్వాగలేదు. ఆ బీడు మీద బండ ఎక్కడుంది? అంతా నేలే. అయినా ఎందుకైనా మంచిదని మట్టిని తవ్వుకుని మూరెడు లోతున దూరి, ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. "ఇంతకంటే నేల ఇంకెక్కడుంటుంది! రా, వచ్చి పట్టుకో!" అని లోపలినుంచే వెక్కిరించాయి. ఒళ్లు బద్ధకం ఉన్నవి మాత్రం తవ్వడం మా వల్ల కాదని పైనే కూర్చుండిపోయాయి.

అంతలో వాన రానే వచ్చింది. మా సీమ వాన సంగతి మీకు చెప్పాలా? వచ్చేటప్పుడు హడావుడి జాస్తి, కాసేపటికే ఆయాసం.

"వానమ్మా, నన్ను కాస్త మూరెడు లోతుకు దించుతావా?" అని అడిగాడు సున్నప్ప. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "వద్దులే. నా బరువు నువ్వు మోయలేవు. పెద్ద పెద్ద వానలే భయపడతాయంట."

"ఎవరా మాటన్నది?" వానకు రోషం వచ్చేసింది. "ఎక్కు నా వీపు!"

సున్నప్ప ఎక్కాడు. ఎక్కి, నీళ్లలో కరిగి, కనిపించకుండా కూర్చున్నాడు. వాన మట్టిలోకి దిగింది. దిగుతూ దిగుతూ సున్నప్ప పైన కూర్చున్న బద్ధకపు రాళ్లను వదిలాడా? ఒక్కొక్కదాని పిర్ర మీద ఛెళ్లున చరిచాడు. తెల్లటి అచ్చులు పడ్డాయి.

ఇంకాస్త లోతుకు పోయేసరికి దాహంతో ఉన్న గడ్డివేళ్లు అడ్డొచ్చి, "అమ్మా, ఒక్క గుక్క!" అన్నాయి. ఒక్క గుక్క అంటూనే అంతా తాగేశాయి. మూరెడు లోతుకు వచ్చేసరికి వాన అయిపోయింది. వీపు లేకపోయేసరికి సున్నప్ప ధబీమని రాళ్ల నడుమ పడ్డాడు.

పడినవాడు ఊరుకున్నాడా? సందు సందులోకీ దూరాడు. ఈ రాయి చెయ్యి, ఆ రాయి కాలు, ఇంకోదాని మెడ, అన్నీ కలిపి వాటేసుకున్నాడు. అట్లాగే ఆరిపోయాడు.

"వదులు తాతా! అన్యాయం!" రాళ్లు గోల పెట్టాయి. "నువ్వు బండ కావాలన్నావు. మేం నేలలో ఉంటిమి. మేం దొరికినట్టు కాదు!"

గొడవ తీర్చడానికి మారెక్క ఉడుమును పిలిచింది. పట్టు విడుపుల సంగతి దానికంటే ఎవరికి తెలుసు? ఉడుము మట్టి తోడి, తోకతో కింద కొట్టి చూసింది.

ఠంగ్!

"ఇంకోసారి చెప్పండి, యాడుండారు మీరు?" అంది ఉడుము.

"నేలలో!"

"ఒగసారి మిమ్మల్ని మీరు చూసుకోండి నాయనా. కదలరు, మెదలరు, ఎర్రా నల్లా అంతా ఒగటే ముద్ద. మీరు బండెక్కలేదు, నిజమే. మీరే బండయినారు!"

రాళ్లు పళ్లు నూరుకున్నాయి. ఆటలో ఓడిపోతే ఎంత ఉక్రోషంగా ఉంటుందో మీకూ తెలుసు.

ఆ తర్వాత వానలు వచ్చాయి, పోయాయి. మట్టి జారలేదు, గడ్డి నిలిచింది. మారెక్క మంద గుట్ట దిగలేదు. ఆ ఏడు పుట్టిన గొర్రెపిల్లల్లో ఒక్కటీ దారిపాలు కాలేదు. ఆమె పిల్లల్ని ఒక్కొక్కటిగా ఒళ్లో పెట్టుకుని మురిసిపోయింది.

ఒకరోజు దొడ్డి కట్టుకుందామని గుంజ పాతబోయింది. మూరెడు దిగి, ఠంగ్! పక్కన పాతింది. ఠంగ్! చింతగింజ వేస్తే వేరు మూరెడు దిగి, దారిలేక పక్కకు తిరిగి, మొక్క ఎండి చచ్చింది.

"ఓరి సున్నప్పా! గుంజ పట్టేంత సందన్నా ఇయ్యి నాయనా!"

కిందినుంచి నవ్వు వినిపించింది. "అడగనన్నావు గదక్కా!"

మారెక్క గుంజ విసిరేసి నాలుగు తిట్లు తిట్టింది. తర్వాత తనకూ నవ్వొచ్చింది. రేగుకంప నరుక్కొచ్చి చుట్టూ దొడ్డిగా వేసుకుంది.

అప్పటినుంచే ఆ గులకరాళ్ల గరుసు బీళ్లలో పైన వదులు రాళ్లు, మూరెడు కింద తెల్లటి గట్టి పలక. అప్పటినుంచే అక్కడ పెద్ద చెట్లు లేవవు, గడ్డీ రేగుకంపే బతుకుతాయి. పైనున్న రాయిని తిరగేసి చూడండి, పిర్ర మీద సున్నప్ప చరిచిన తెల్లటి అచ్చు ఉంటుంది. దానిమీద నిమ్మరసం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. సున్నప్పకు ఆ ఆట గుర్తొచ్చి ఇంకా నవ్వుతున్నాడన్నమాట.

ఇప్పటికీ అక్కడ గుంత తీయబోయినవాళ్లు నాలుగు పోట్లు పొడిచి, చెమట తుడుచుకుని, "ఏందప్పా ఇది, నేలా, బండా?" అంటారు. మీరు మాత్రం ఆ మాట అడగకండి. అడిగారంటే ఆటలో చేరినట్టే. సున్నప్ప మీ గడ్డపారను పట్టుకుంటాడు.