ఉతుకుబండ ఎత్తు

మజ్జి గవరయ్యకు ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్చున్నచోట జవాబు చెప్పడు, లేచి నడుస్తాడు. జవాబు నిజంగా కావలసినవాడు వెనకాలే పోవాలి. నలభై ఏళ్ళు సర్వే గొలుసు లాగిన మనిషి. అంకెలు తప్ప అక్షరాలు రావు. అయినా ఇవాళ డ్రోన్లు ఎగరేసే చదువుకున్నవాళ్ళు కూడా నేల మీద గుర్తులు ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడుగుతారు. ఆయన చూపించినచోట సున్నంతో పెద్ద కూడిక గుర్తు గీసి, దాని ఎత్తు కొలిచి కంప్యూటర్‌కి చెబితే, పైనుంచి తీసిన ఫొటోలన్నిటినీ అది ఆ గుర్తులకు ముడివేసి పటం తయారుచేస్తుంది. సున్నం గీత జానెడు వంకర పోయినా చెరిపించి మళ్ళీ గీయించే రకం గవరయ్య.

అలాంటివాడి మాటను శిష్యుడు పారినాయుడు ఒక్కసారి దాటాడు. కొత్త జలాశయం నీళ్ళు ఎంతవరకు వస్తాయో తేల్చే కొలత అది. పదకొండు గుర్తుల్లో నాలుగు కొండవాలు మీదున్న ఈతమానువలస ఊరి చుట్టూ పెట్టమని గురువు చెప్పాడు. జీపు పోని దారి, ముళ్ళు, పైన ఎండ. పారినాయుడు ఆ నాలుగింటినీ మిగతా ఏడూ ఉన్న కాలువగట్టు రోడ్డు మీదకే దించేశాడు. సంగతి తెలిసిన క్షణం నుంచి గవరయ్య అతనితో మాట మానేశాడు. మూడు రోజులు పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్నారు. కూర గిన్నె ఇటు జరపమని కూడా డ్రైవరు చేతే చెప్పించాడు.

పటం తయారైంది. నిండు నీటి గీత వలసలోని ఇరవైమూడు ఇళ్ళకూ కిందనుంచే పోయింది. ఎవరూ ఇల్లు ఖాళీ చెయ్యనక్కర్లేదు. మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఇంజనీరుగారు వచ్చి పటం తీసుకుంటారు, వానలు పడగానే గేట్లు దించుతారు. పారినాయుడు సంతోషం పట్టలేక వలసకు ఫోన్ చేసి ఆ కబురు చెప్పేశాడు. గవరయ్య మాత్రం పటం వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

మర్నాటికీ ఆ ముఖం మారలేదు. పారినాయుడికి ఒళ్ళు మండింది. "పదకొండు గుర్తుల దగ్గరా సరిచూశాను గురువుగారూ. ఎక్కడా రెండు సెంటీమీటర్ల తేడా దాటలేదు. ఇంకా ఏ లోపం కనిపించింది మీకు?" అని అడిగాడు.

గవరయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఎత్తు కొలిచే రోవర్ కర్రను శిష్యుడి చేతిలో పెట్టి కొండదారి పట్టాడు. అప్పటికే రెండు దాటింది.

పైకి చేరేసరికి మొదటి ఇంటి పెరట్లో సన్యాసమ్మ వంటపాకకు పునాది తవ్విస్తోంది. పారినాయుణ్ణి చూడగానే ఆమె ముఖం విప్పారింది. కట్టుకున్న మూటలన్నీ నిన్ననే విప్పేశామని చెప్పింది. తరవాత గవరయ్యను ఎగాదిగా చూసింది. "ఏటి బాబూ, మీ గురువుగారి మొహం అలాగుంది? మా ఇల్లు మునగలేదని బెంగెట్టుకున్నాడా?"

గవరయ్య పెరటి చివర బట్టలుతికే బండ దగ్గర ఆగాడు. తెల్లటి పలకరాయి. డ్రోన్ ఫొటోల్లో దాని మూల సూదిమొనలా పడింది. అక్కడ నిలబడి, అన్నాళ్ళకు మొదటిసారి శిష్యుడితో మాట్లాడాడు.

"ఈ బండ ఎత్తు నీ కంప్యూటర్‌కి చెప్పావా?"

"లేదండి."

"అయితే దీన్నడుగు."

పారినాయుడు ముందు పటంలో చూశాడు. బండ మూల నూట నాలుగు మీటర్ల తొంభై సెంటీమీటర్లు. నిండు నీరు నూట నాలుగు. ధీమాగా కర్రను ఆ మూల మీద నిలబెట్టాడు. అంకె వచ్చింది. నూట మూడు, యాభై ఎనిమిది. కర్ర మొన తుడిచి మళ్ళీ నిలబెట్టాడు. అదే అంకె. మూడోసారి పెట్టినా మారలేదు. వెనకాల గునపం పోటు వినిపిస్తూనే ఉంది. గేట్లు దించిన ఏడాది ఈ బండ మీద మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి.

గట్టు పొడవునా ఒకే వరసలో పెట్టిన గుర్తులు పటాన్ని చాపలా ఒక అంచునే తొక్కిపట్టాయి. రెండో అంచు లేచిపోయింది. ఆ పదకొండింటినీ పారినాయుడు ఎన్నిసార్లు అడిగినా, తాను చెప్పిన ఎత్తునే అవి తనకు తిరిగి అప్పజెప్పాయి.

ఇంజనీరుగారికి ఫోన్ చేసి, పటం తప్పు, రావద్దని చెప్పాడు. అవతలనుంచి వచ్చిన తిట్లు నిలబడి విన్నాడు. తరవాత సన్యాసమ్మ దగ్గరికి వెళ్ళి పునాది ఆపమన్నాడు, మళ్ళీ కొలిచేదాకా ఏదీ నమ్మొద్దన్నాడు. గునపం ఆగింది. ఆమె అతని ముఖంలోకి చూసింది. "నిన్న ఫోన్లో చెప్పింది ఈ గొంతే గదా," అంది.

పారినాయుడు సున్నం సంచి కోసం కిందికి దిగబోతూ గురువు ముందు ఆగాడు. ఆ నాలుగు గుర్తులూ ఆయన చెప్పినచోటే పెట్టి మళ్ళీ డ్రోన్ ఎగరేస్తానన్నాడు. ఇక తప్పు రాకుండా ఈ బండను కూడా వలసలో అయిదో గుర్తుగా కలిపేస్తానన్నాడు.

గవరయ్య బండ మీద పడిన ఎండుటాకును చేత్తో తుడిచేశాడు.

"ఆ నాలుగూ నీ కంప్యూటర్‌కి చెప్పుకో. బండ సంగతి మాత్రం దాని చెవిన పడనీకు."