ఏ పిల్ల ఏ తల్లిది?

అనగనగా ఒక ఊళ్ళో మనుషులకంటే గొర్రెలే ఎక్కువ. కనిగిరి అవతల రాళ్ళూ తుమ్మలూ తప్ప ఏమీ లేని మెట్ట నేల అది. ఎటు చూసినా గొర్రెలే, ఎటు విన్నా మే మే అనే అరుపులే. కాస్త అటు జరుగు, కాళ్ళు నా మీద వెయ్యకు, చెబుతున్నాను కదా.

ఆ ఊరికి పోలమ్మ అనే పిల్ల కొత్త కోడలుగా వచ్చింది. ఆమెది సముద్రపొడ్డు. వాళ్ళ నాన్న చేపలు పట్టేవాడు. గొర్రెల ఇంటికి సముద్రపు పిల్ల ఎలా వచ్చిందని మాత్రం అడక్కు, ఆ పెళ్ళి గొడవ మొదలుపెడితే తెల్లారిపోతుంది. మొగుడు గురవయ్య మంచివాడు. అత్త అంకమ్మ నోరు కాస్త పెద్దది, మనసు మాత్రం వెన్న. పాపం, ఆవిడ కళ్ళకి పొర కమ్మింది. మసకపడితే తన చెయ్యి తనకే కనిపించేది కాదు.

ఆ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే తల్లిగొర్రెలు మేతకి పోతాయి. పాలు తాగే పిల్లలు అంత దూరం నడవలేవు కదా, అవి ఇంటి దగ్గరే తడికెల గూట్లో ఉంటాయి. పొద్దుగూకే వేళకి తల్లులు పొదుగులు నింపుకుని అరుచుకుంటూ వస్తాయి. అప్పుడు ఆడవాళ్ళు ఒక్కో పిల్లనీ తీసి దాని తల్లి దగ్గర వదలాలి. అన్నిటినీ ఒక్కసారే వదిలెయ్యొచ్చుగా అంటావేమో. వదిలితే ఇంకేముంది, గట్టి పిల్లలు దొరికిన పొదుగల్లా తాగేస్తాయి, చిన్నవి కాళ్ళ కింద నలిగిపోతాయి.

ఇన్నాళ్ళూ ఆ పని అంకమ్మది. "ఇంక నావల్ల కాదే, నువ్వే చూసుకో" అంది కోడలితో.

పోలమ్మ గూట్లోకి తొంగి చూసింది. ఆమె కంటికి అన్నీ ఒకటే. గొర్రెపిల్ల, గొర్రెపిల్ల, ఇంకో గొర్రెపిల్ల. వాటిల్లో ఒకటి మరీ బుల్లిది, మొన్ననే పుట్టింది. నుదుటి మీద మసి అంటినట్టు నల్ల మచ్చ. దానికి తల్లిపాలు అందకపోతే బతకదు. అదీ పోలమ్మ భయం.

మొదటి సాయంత్రం పోలమ్మ రంగు చూసింది. తెల్ల పిల్లని తెల్ల గొర్రె దగ్గర వదిలింది. నల్లదాన్ని నల్లదాని దగ్గర, మచ్చలదాన్ని మచ్చలదాని దగ్గర వదిలింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, గొర్రెలకే నచ్చలేదు. ఒకటి తన్నింది, ఒకటి కుమ్మింది. గట్టి పిల్లలు అటూ ఇటూ దూరి ఎలాగో కడుపు నింపుకున్నాయి. మసిమచ్చ పిల్ల మాత్రం దుమ్ములో దొర్లింది.

"ఓసి పిచ్చిదానా, నల్ల గొర్రెకి తెల్ల పిల్ల పుట్టదా ఏంది!" అంది అంకమ్మ.

అప్పుడు పోలమ్మ ఎదురింటికి పోయి కాసిని మేకపాలు తెచ్చింది. గుడ్డ తడిపి చుక్క చుక్క దాని నోట్లో పిండింది. అది వణుకుతుంటే, పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత చీరలో చుట్టి ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

ఆ మర్నాడు సాయంత్రం పోలికలు చూసింది. పొడుగు చెవుల పిల్లని పొడుగు చెవుల గొర్రెకి, ముక్కు వంపున్నదాన్ని ముక్కు వంపున్నదానికి. సగం కుదిరాయి, సగం కుదరలేదు. మసిమచ్చ పిల్ల మళ్ళీ తన్నులు తింది. ఈసారి అరవనైనా లేదు. పోలమ్మకి ఏడుపొచ్చింది.

"నీకెట్టా తెలుస్తది అత్తా?"

"ఎట్టా ఏందే? చూస్తే తెలుస్తది."

"గుర్తేంది మరి? చెవా? తోకా?"

అంకమ్మ ఆలోచించింది. ఎంత ఆలోచించినా చెప్పలేకపోయింది. "ఏమోనే, నన్నెవరూ ఎప్పుడూ అడగలా" అంది. గురవయ్యని అడిగితే, "నాకు తల్లులు తెలుసు. పిల్లల సంగతి ఆడోళ్ళది" అని నవ్వాడు.

పోలమ్మకి ఒళ్ళు మండింది. తెలుస్తుందిట, ఎలా తెలుస్తుందో మాత్రం తెలియదుట! అప్పుడు ఆమెకి తన మీదే ఒక అనుమానం వచ్చింది. మరి నాకు చేపలు ఎలా తెలుసు? నాన్న వల దులిపితే ఇంత కుప్ప పడేది. అందులో చందువ ఏదో, కానాగంత ఏదో, వంజరం పిల్ల ఏదో చెయ్యే ఏరేసేది. అత్తకి చూపిస్తే అన్నీ ఒకటే చేప అంటుంది!

ఇదీ గుర్తు, అదీ గుర్తు అని తనకెవరూ చెప్పలేదు. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని ముందు ఒక్క చందువని బాగా ఎరిగింది. ఆ తర్వాత దానిలాంటివి ఒక పక్కకి, దానిలాంటివి కానివి ఇంకో పక్కకి. ఆ కానివాటిలో మళ్ళీ ఒకటి. తప్పు వేస్తే అమ్మ తీసి ఇటు పడేసేది. అలా అలా బుర్రలో గూళ్ళు వాటంతటవే కట్టుకున్నాయి.

తెల్లవారగానే పోలమ్మ తడికెల గూట్లోకి దూరి కూర్చుంది. ముందు ఒక్క పిల్లనే చూసింది. దాని నడక, దాని అరుపు, అది పడుకునే తీరు. ఆ తర్వాత దాని పక్కదాన్ని చూసింది. దీని గొంతు సన్నం, దానిది బొంగురు. ఇది గెంతుతుంది, అది గోడవారగా నక్కుతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ గూట్లో గొర్రెపిల్లలన్నవే లేవు, ఎవరికి వాళ్ళే ఉన్నారు. భలే ఉంది కదూ?

పొద్దుగూకింది. దూరం నుంచి తల్లులు అరిచాయి. అప్పుడు పోలమ్మకి ఈ రెండు రోజులూ కనిపించనిది కనిపించింది. ఒక గొర్రె అరిస్తే గెంతులది మాత్రమే లేస్తోంది. ఇంకో గొర్రె అరిస్తే బొంగురుది పరిగెడుతోంది. ఏ అరుపుకి ఏ పిల్ల లేచిందో చూసి, ఒక్కొక్కటే వదిలింది. ఒక్క గొర్రె కూడా తన్నలేదు.

చివరికి మసిమచ్చ పిల్ల ఒక్కటే మిగిలింది. చెవి చిరిగిన గొర్రె ఒకటి పొదుగు బిగిసి అరుస్తూ మిగిలింది. పోలమ్మ సంతోషంగా పిల్లని దాని ముందు పెట్టింది. గొర్రె ఉరికి వచ్చింది. వాసన చూసింది. బుస్సుమని వెనక్కి గెంతి ఒక్క కుమ్ము కుమ్మింది.

అంకమ్మ తడుముకుంటూ వచ్చి పిల్లని ఎత్తుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, "ఓసినీ! ఇది గొర్రెపిల్లా, ఎండుచేపా?" అంది. "తల్లికి కంటితో పనిలేదే. ముక్కు ఒప్పుకుంటేనే బిడ్డ. నీ చీర వాసనకి ఇది పరాయిదైపోయింది."

పోలమ్మ పిల్లని అత్త చేతుల్లోంచి తీసుకుంది. ముద్దు చేసి చేసి దీన్ని నేనే చంపుకుంటున్నానా అనుకుంది. ఆమె ఇంక ఆగలేదు. గురవయ్యని గొర్రెని పట్టుకోమంది. దాని పాలే దోసిట్లోకి పిండింది. పిల్ల తలకి రాసింది, వీపుకి రాసింది, తోక మొదట్లో రాసింది. మళ్ళీ నేల మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకుంది.

గొర్రె తల దగ్గర వాసన చూసి మొహం తిప్పుకుంది. వీపు దగ్గర చూసి ఆగింది. తోక దగ్గర చాలాసేపు చూసింది. ఆ తర్వాత గొంతులో ఏదో సన్నగా గొణిగింది. పిల్ల మోకాళ్ళ మీద పాకుతూ పొదుగు కిందికి చేరింది.

అంకమ్మకి ఏమీ కనిపించడం లేదు. "ఏమైందే? తాగుతుందా?" అంది. పోలమ్మ వంగి చూస్తోంది. కడుపులోకి పాలు దిగుతుంటే గొర్రెపిల్ల తోక ఆగదని అత్తకి తెలుసు. కోడలి చెయ్యి పట్టుకుని, "తోక చూడవే, ఊపుతుందా?" అంది.

"ఊపుతుంది అత్తా" అంది పోలమ్మ, ఏడుస్తూ నవ్వుతూ. "ఆగకుండా ఊపుతుంది."

పొద్దు చేరింది గూటికి,
పిల్ల చేరింది తల్లికి,
కథ చేరింది కంచికి,
మనం చేరాలి నిద్రకి.