మంచు తేలిన వృత్తాంతం

పూర్వం, నదులకింకా నామకరణం జరగని కృతయుగారంభంలో, హిమవత్పర్వతపు ఉత్తరసానువున శంఖహ్రదమనే మహాసరస్సు ఉండేది. దాని తీరాన, తండ్రి స్వహస్తాలతో కొండరాతిలో తొలిచిచ్చిన గుహాశ్రమంలో, బ్రహ్మవాదిని అయిన సుతోయ అనే తపస్విని, కందమూలాలతో ప్రాణం నిలుపుకొంటూ, సర్వభూతాలనూ కన్నబిడ్డలుగా చూచుకొంటూ నివసించేది.

ఆ కాలంలో పేరిన నేయిలాగే పేరిన నీరు కూడా బరువెక్కి అడుగుకు మునిగేది. హేమంతం రాగానే సరస్సుపై మంచుపొర కట్టి, కట్టినది కట్టినట్టే లోతుకు దిగి, దానిపై మరొకటి, ఆపై మరొకటి పేరుకొని, శిశిరాంతానికి సరస్సు దాదాపుగా ఒకే శిలయై, నడుమ చిక్కిన మీనకూర్మాదులు ప్రాణాలు విడిచేవి. వసంతసూర్యుడు పైపొరను కరిగించేవాడే కాని అడుగును తాకలేకపోయేవాడు. ఏటేటా నీరు తగ్గి శిల పెరిగింది. సుతోయ కమండలంతో చేపలను ముంచి తెచ్చి అగ్నిహోత్రం చెంత కాపాడేది. కాని కమండలంలో పట్టేవి ఎన్ని?

ఒక ఏడు, గర్భభారంతో ఉన్న ముసలి చేప ఒకటి ఒడ్డుకు వచ్చి, "తల్లీ, నన్ను ఎత్తుకోకు. నేను బతికి గుడ్లెక్కడ పెట్టను? అడుగంతా రాయైపోయింది" అన్నది.

ఆ మాట సుతోయ గుండెలో ములుకులా దిగింది. కమండలం పక్కన పెట్టి, కంఠం దాకా నీటిలో నిలిచి, వరుణదేవుడు పలికేదాకా ఒడ్డెక్కనని వ్రతం పట్టింది. మంచుపలకలు భుజాలను ఒరుసుకొంటూ దిగి, మొదట పాదాలను, పిదప మోకాళ్లను, తరువాత నడుమును బంధించినా ఆమె జపం ఆగలేదు.

పదకొండవనాటి మధ్యాహ్నం, పాశహస్తుడూ పశ్చిమదిక్పాలకుడూ అయిన వరుణుడు మకరవాహనంపై సాక్షాత్కరించి, మంచు మునగక నీటిపై తేలాలన్న ఆమె కోరిక విని, కనుబొమలు ముడిచాడు.

"సాధ్వీ, లవణాన్ని తనలో కలుపుకొనే గుణం నీటికిచ్చాను. వేరు పట్టుకొని చిటారుకొమ్మకెక్కే నేర్పునిచ్చాను. ఎండలో నిదానంగా కాగి, చలిలో నిదానంగా చల్లారే ఓర్పునిచ్చాను. ఇక గట్టిపడినది బరువెక్కాలన్నది విధాత నియమం. నేయికీ బంగారానికీ లేని మినహాయింపు నీటికెందుకు?"

సుతోయ చేతులు జోడించి, "దేవా, నేతిలో ఎవరూ కాపురముండరు. కరిగిన బంగారంలో ఎవరూ పిల్లలను కనరు. నీరు ప్రాణులకు ఇల్లు. ఇంటికప్పు పైన నిలవాలి కాని పిల్లలమీద కూలకూడదు" అన్నది.

జలాధిపతి, తేలిక కావాలంటే మంచు ఉబ్బవలసి ఉంటుందని, ఉబ్బిన మంచు తడిసిన ప్రతి రాతిపగులునూ చీలుస్తుందని, ఆమె తండ్రి తొలిచిన గుహ అన్నిటికంటే ముందు పోతుందని చెప్పాడు. సుతోయ ఒక్కసారి తీరం వైపు చూసింది. గోడలపై తండ్రి ఉలిగాట్లు ఆమె కంటికి కనిపించినట్టే అయింది. అయినా, "అలాగే కానీ, దేవా" అన్నది.

"తథాస్తు" అని పాశపాణి నీటిని తాకాడు.

వెంటనే గుహ పిడుగు పడినట్టు రెండుగా చీలింది. ఆ ధ్వని చల్లారకముందే, యుగారంభం నుండి అడుగున అణగి ఉన్న మంచు అంతా ఒక్కసారిగా కదిలి, ఐరావతాల మందలా ధవళకాంతులతో పైకి లేచి, సరస్సుకు కప్పై నిలిచింది. దాని క్రింద చలిగాలి సోకని నీటిలో, బంధం వీడిన సుతోయ పాదాల చుట్టూ, వేలాది చేపలు వెండిధారలై తిరిగాయి. దేవదుందుభులు మ్రోగాయి. తపస్విని ఏడుస్తూనే నవ్వింది.

చీలిన గుహనుండి పుట్టిన రాతిపొడి క్రొత్తమన్నై లోయలో పరచుకోగా, అక్కడ తొలి పచ్చిక మొలిచింది. ఆ వసంతాన శంఖహ్రదం అడుగువరకూ కరిగి నిండింది. ఉత్తరసముద్రాలూ అదే ధర్మాన్ని స్వీకరించాయి. సుతోయ చరిత్ర చెప్పుకొనే ఇంటినుండి దాహంతో వచ్చిన ఏ ప్రాణీ ఎండిన గొంతుతో మరలిపోకుండుగాక.