కామ లేని పార

ఓబయ్యస్వామి నడిపే ఆశ్రమానికి వచ్చాక రంగధామం కోరికలన్నీ వదిలేశాడు. వదిలేశానని చెప్పుకోవడం మాత్రం వదల్లేదు.

"అన్నంలోకి పులుసు పొయ్యనా, మజ్జిగ పొయ్యనా అన్నా?" అని వంటచేసే వజ్రమ్మ అడిగితే, "ఏదైనా ఒకటే తల్లీ. నాకే కామమూ లేదు" అనేవాడు. చాప అరుగు మీద వెయ్యనా, లోపల వెయ్యనా అంటే అదే మాట. చివరికి వజ్రమ్మ అడగడం మానేసి, మాడిన అట్టు అతనికే వేసేది. అతను దాన్నీ శాంతంగా తినేవాడు. కాకపోతే ఆ శాంతాన్ని ఎవరైనా చూస్తున్నారా అని ఓరకంట చూసుకునేవాడు.

పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని పెద్దలు మూడు చెప్పారు. అవి మూడూ ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కునేలోగా దిగిపోయేవే. రంగధామానిది నాలుగోది, వరద వైరాగ్యం. కృష్ణానది లంకలో అతనికి తమలపాకు తోట ఉండేది. అవిశ చెట్లు వరసగా పెంచి, వాటి మీదికి తీగలు పాకించి, పసిబిడ్డల్ని సాకినట్టు సాకాడు. ఒక వరద వచ్చి తీగల్నీ, చెట్లనీ, వాటి కింది మట్టినీ కూడా పట్టుకుపోయింది. భార్య అంతకుముందే పోయింది. పిల్లలు లేరు. కావాలనుకుంటేనే కదా పోయేది, ఇక దేన్నీ కావాలనుకోను అని ఒట్టు పెట్టుకుని ఈ కొండ కింది ఆశ్రమానికి వచ్చి చేరాడు. పాపం, దెబ్బతిన్న మనిషి. అతన్ని చూసి నవ్వేవాళ్ళకి కూడా లోపల జాలిగానే ఉండేది.

అలాంటివాడికి స్వామి తోటపని అప్పగించాడు.

మాఘం వెళ్ళిపోతోంది. వంటింటి వెనక ఎప్పటినుంచో బీడుపడిన నేల ఉంది. దాని పక్కనే నీళ్ళున్న బావి ఉంది.

"ఉగాది నాటికి ఇక్కడ నాలుగు మొక్కలు తలెత్తాలి," అన్నాడు స్వామి. "తోటకు ఏమేం కావాలో ఇక్కడ నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. సంతకు వెళ్ళి నువ్వే చూసి తీసుకురా."

"ఏం తెమ్మంటారు స్వామీ?"

"ఏది లేకపోతే తోట కాదో, అది."

సంతలో రంగధామం చేతులు అతని మాట వినలేదు. పార రేకుని వేలి కణుపుతో కొట్టి మోత విన్నాయి. నచ్చక పక్కన పెట్టి ఇంకోటి తీశాయి. పలుగు మొన తడిమాయి. కలుపు తీసే బొరిగెని పిడికిట పట్టి ఇటూ అటూ తిప్పి చూశాయి. మట్టి మొయ్యడానికి వెదురు తట్టలు, నీళ్ళు తోడటానికి చేద, దానికి కొబ్బరితాడు, అన్నీ ఏరి ఏరి తీసుకున్నాడు. పారకు పట్టుకునే కర్ర, కామ, కావాలి కదా. కొట్టువాడు ఇచ్చిన పిడికర్ర వంకరగా ఉందని పక్కన పడేసి, నిటారుగా ఉన్న తుమ్మకర్ర వెతికి, చెట్టుకింద కూర్చుని తనే చెక్కి, తన అరచేతికి సరిపోయేలా నున్నగా చేసి బిగించాడు.

చివరగా గింజలమ్మే ముసలమ్మ దగ్గర ఆగాడు. వంగ, బెండ, గోంగూర, బీర. ఒక మూల చిన్న సంచిలో అవిశ గింజలు. వంగి గుప్పెడు చేతిలోకి తీసుకున్నాడు.

"మంచి గింజ నాయనా, కొత్తది. కొలవమంటావా?"

రంగధామం ఆ గింజల్ని కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత మళ్ళీ సంచిలోనే పోసేసి, ఇంకే గింజలూ అడక్కుండా లేచిపోయాడు.

ఆశ్రమంలో స్వామి సామానంతా చూసి మెచ్చుకున్నాడు. పార చేతిలోకి తీసుకుని కామ నిమిరాడు.

"గింజలేవీ?"

"అది మీ ఇష్టం స్వామీ. తవ్వమంటే తవ్వుతాను, పొయ్యమంటే నీళ్ళు పోస్తాను. ఇది మొలవాలి, అది కాయాలి అని నాకేముంది కామం?"

స్వామి తలూపాడు.

మర్నాటి నుంచి రంగధామం తెల్లారగానే తోటలో దిగేవాడు. పార ఎత్తేవాడు, దించేవాడు. అది నేల మీద పడేది గాని నేలలోకి దిగేది కాదు. పైపైన గీరిన మట్టి మధ్యాహ్నానికి మళ్ళీ గట్టిపడి కూర్చునేది. ఎండ రోజురోజుకీ ముదురుతోంది. వజ్రమ్మకి ఇక ఉగ్గబట్టుకోవడం చేతకాలేదు. చేతిలో గరిటెతోనే స్వామి దగ్గరికి వెళ్ళింది.

"అదను దాటితే పదును దొరకదు సామీ. వంగ వేద్దామా అన్నా, బెండ వేద్దామా అన్నా అని నోరు నొప్పెట్టేలా అడిగాను. ఏదైనా ఒకటే అంటాడు. ఏదైనా ఒకటే అనే గింజ ఏ కొట్లో దొరుకుద్దో మీరే చెప్పండి!"

స్వామి పకపకా నవ్వాడు.

మర్నాడు పొద్దున రంగధామం వచ్చేసరికి స్వామి బావిగట్టు మీద కూర్చుని ఉన్నాడు. పారని తిరగేసి, రాతితో కొట్టి బిగువుకు పెట్టిన చీల ఊడదీశాడు. కామ లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒట్టి ఇనుపరేకు శిష్యుడి చేతికిచ్చాడు.

"ఇవాళ దీంతో తవ్వు. తవ్వేది ఇనుమే కదా."

రంగధామానికి ఏదైనా ఒకటే కదా మరి. మోకాళ్ళ మీద కూర్చుని, రేకుని రెండు చేతులా పట్టుకుని గీకడం మొదలుపెట్టాడు. రేకు జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. వేళ్ళు ఒరుసుకున్నాయి. పొద్దెక్కేసరికి ఒక కుక్క పడుకునేంత చోటు కూడా కదల్లేదు. వజ్రమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి "అయ్యయ్యో" అంటోంది. స్వామి తుమ్మకర్రని ఒళ్ళో పెట్టుకుని, బావిలో నీళ్ళు చూస్తూ, తనకేమీ పట్టనట్టు కూర్చున్నాడు.

రేకు అంచు తగిలి బొటనవేలు చిట్లింది. అప్పుడు పుట్టుకొచ్చింది రంగధామానికి కోపం. ఈ ఆశ్రమంలో అడుగుపెట్టాక అతనికి కోపం రావడం అదే మొదలు. రేకుని నేలకేసి కొట్టి లేచాడు.

"ఏం పని స్వామీ ఇది! రేకెంత మంచిదైతే ఏం లాభం? కామ లేనిదే పార నేలలోకి దిగదు! చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు!"

స్వామి అతని వైపు తిరిగాడు.

"ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

"కామ లేనిదే..." అని మొదలుపెట్టి రంగధామం ఆగిపోయాడు.

చిట్లిన వేలి వైపు చూసుకున్నాడు. తను గీరిన నేల వైపు చూశాడు. ఇన్నాళ్ళూ కళ్ళల్లోకి రాకుండా ఆపుకున్న వరద అప్పుడొచ్చింది. పెద్ద మనిషి, అలాగే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. వజ్రమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్వామి లేచి వచ్చి, పారకన్నులో కామ దూర్చి, చీల పెట్టి కొట్టి బిగించాడు. బిగువు చూసి, పారని అతని చేతికిచ్చాడు.

రంగధామం పారని నేలకు ఆనించాడు.

"సంతలో అవిశ గింజలున్నాయి స్వామీ. తేవడం మర్చిపోయాను."

"మర్చిపోయావా?"

"లేదు. చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను." పార కామని గట్టిగా పట్టుకున్నాడు. "ఇప్పుడు అవిశ వేస్తే, ఎదిగాక దాని మీదికి తమలపాకు పాకించొచ్చు. మళ్ళీ వరద వస్తుందో, వానే రాదో, ఎవరు చెప్పగలరు? అయినా నాకు కావాలి స్వామీ. ఒక్క తీగ చాలు."

"ఒక్కటేనా?" అన్నాడు స్వామి.

రంగధామం బీడునేలని బావి దగ్గర్నుంచి వంటింటి గోడ దాకా చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఒకసారి, మెల్లగా, కొలిచినట్టు చూశాడు.

"వజ్రమ్మా," అని పిలిచాడు, "పెద్ద సంచి ఉంటే ఒకటివ్వు. నీకు గుత్తివంకాయా, పొడుగు వంకాయా?"