ఇరవయ్యారు పెట్టెలు

సువర్చల రాసిన మీట పనిచెయ్యలేదు.

నల్లమల అంచున ఉన్న ఆ కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ అయినవాళ్ళను రోజూ పదింటికి వ్యానులో ఊళ్ళకు పంపుతారు. నర్సు సాలోమి కంప్యూటర్లో ఒక్కొక్క పేరు పక్కనున్న పెట్టెలో టిక్కు పెడితేనే ఆ పేరు డ్రైవరుకు చేరుతుంది. కిందటి వారం ఒక పేరు తప్పిపోయింది. ఆ ముసలాయన సాయంత్రం దాకా గేటు దగ్గరే కూర్చున్నాడు.

అందుకే ఒక్క నొక్కుతో అందరికీ టిక్కు పడేలా తెర మీద ‘అందరినీ’ అనే మీట పెట్టమని, ఆసుపత్రి కంప్యూటర్లు చూసే పీర్ మహమ్మద్ సార్ తన శిష్యురాలు సువర్చలకు చెప్పారు. మొదట ఆమె మంచానికొకటిగా ఉన్న ఇరవయ్యారు పెట్టెలకూ ప్రోగ్రాములో ఇరవయ్యారు వరసలు రాసింది. తర్వాత అన్నిటికీ ఒకే పేరు పెట్టి, ఒక్క వాక్యంతో అన్నిటినీ పట్టుకోవచ్చని తెలుసుకుంది. ఆ రోజంతా ఆ వాక్యాన్ని కనబడినవాళ్ళందరికీ చూపించింది.

ఇప్పుడు మీట నొక్కితే ఒక్క పెట్టెలోనూ టిక్కు పడటం లేదు. తప్పు ఉందని తెర మీద కూడా రావడం లేదు. ఆ వాక్యం పట్టుకున్నవి లెక్కపెట్టి చూస్తే ఇరవయ్యారూ చేతికి వచ్చినట్టే ఉన్నాయి. లోపం బ్రౌజరుదేనని ఆమె సార్‌తో వాదించింది.

సార్ కాదనలేదు. లేచి, ఆమెను వార్డుకు తీసుకెళ్ళారు. సాలోమి చుక్కలమందు ట్రేతో సిద్ధంగా ఉంది.

“నువ్వు పిలువమ్మా,” అన్నారు సార్.

మందు వేయించుకోవాల్సినవాళ్ళు చెయ్యెత్తమని సువర్చల గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పింది. మంచాల మీద చేతులన్నీ లేచాయి. ఆమె సార్ వైపు చూసింది. సాలోమి ఏ మంచం దగ్గరికీ కదల్లేదు.

మూడో మంచం మీది అవ్వ ఒక చెయ్యి అలాగే ఎత్తి, రెండో చేత్తో రెప్ప పట్టుకుని, కప్పుకేసి చూస్తూ ఉంది. కాసేపయ్యాక మెల్లగా అడిగింది.

“ఏసినావా పాపా?”

సువర్చల వెళ్ళి సాలోమి చేతిలోని ట్రే తీసుకుంది. సాలోమి చుక్క వేస్తుంటే మంచం మంచానికీ ఆమె పక్కనే నడిచింది. కళ్ళు మూసుకున్నాక ఒక్కొక్క చెయ్యీ దిగింది.

తిరిగొచ్చి, పాత వాక్యం కిందే ఇంకో రెండు వరసలు రాసింది: వచ్చిన ప్రతి పెట్టె దగ్గరికీ వెళ్ళు, దానిలో టిక్కు పెట్టు. మీట నొక్కింది. ఇరవయ్యారూ నిండాయి. పేర్లు డ్రైవరుకు చేరాయి.

సార్ తెర మీదికి వంగి చదివారు.

“పై వాక్యం తీసెయ్యలేదేం?”

“అది పిలుపు సార్,” అంది సువర్చల.