పలకని గూన

కుమ్మరి గట్టయ్య దగ్గరికి ముక్తి గురించి అడగడానికి వచ్చేవాళ్ళకన్నా ఇంటి కప్పు గురించి అడగడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. ఆయన దానికి నొచ్చుకునేవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు గూనపెంకులు చేసి, కాల్చి, గోదావరి ఒడ్డు పల్లెల్లో సగం ఇళ్ళు తన చేత్తో కప్పినవాడు; ముసలితనంలో పదిమందికి గురువయ్యాడు. ఎవరు ఏ సందేహం తెచ్చినా శాస్త్రం జోలికి పోడు. ఎప్పుడో జరిగిన సంగతొకటి చెప్పి లేచిపోతాడు. అర్థమైతే అయింది, లేకపోతే విన్నవాడి ఖర్మ.

ఆ ఏడు ఫాల్గుణం చివర నిమ్మకాయలంత రాళ్ళతో వాన కొట్టింది. మర్నాడు పొద్దున్నే గట్టయ్య వాకిట్లో జనం. పెంకులు ముక్కలైనవాళ్ళ సంగతి తేలికే, కొత్తవి వేసుకుంటారు. మా ఇంటికేం కాలేదు, చినుకు కూడా కారలేదు అని నిశ్చింతగా చెప్పినవాళ్ళనే ఆయన ఆపి మరీ హెచ్చరించాడు. కింద నిలబడి చూసి తేల్చుకోవద్దన్నాడు. కప్పు తడి ఆరేదాకా ఎక్కొద్దన్నాడు. ఆరాక పనివాణ్ణి ఎక్కించి ఒక్కో గూననూ వేలి కణుపుతో కొట్టించమన్నాడు. మంచి గూన ఖంగుమని పలుకుతుంది. వెంట్రుకంత పగులున్నా సరే, పలకదు. పలకనిదాన్ని మృగశిర కార్తె మొదట్లో పడే మిరుగు వానలు రాకముందే తీసేయమన్నాడు. కుమ్మరి ఇళ్ళల్లో పగలడాన్ని పలగడమంటారు; చిన్నప్పటినుంచీ అడిగే ప్రశ్న అదొక్కటే: పలికిందా, పలిగిందా?

అందరూ వెళ్ళాక శిష్యుడు ఓదెలు మిగిలాడు. పక్క ఊరి బళ్ళో పంతులు. మంచివాడే, కానీ తప్పు తనదని ఒప్పుకోవాలంటే మాత్రం ప్రాణం పోయినంత పని. మూడేళ్ళ కింద కూతురి పేరు పెట్టిన రోజున, అమ్మ వాడిన ఇత్తడి చెంబు తీసుకుపోతానని వాళ్ళక్క అడిగితే, వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకుపోవాలా అని భోజనాల బంతిలో అందరి ముందూ అనేశాడు. అక్క నవ్వి, చెంబు ఉన్నచోట పెట్టి, అన్నం తిని, పాపను దీవించి వెళ్ళింది. ఆ తర్వాత ఆమె ఒక్క మాటా ఎత్తలేదు, ఇతనూ ఎత్తలేదు. ఇప్పుడు ఆమె కొడుకు పెళ్ళి. మేనమామ ఇంటికి తనే వచ్చి బొట్టు పెట్టి పిలవాల్సిన మనిషి, దారిన పోయేవాళ్ళ చేతికి కార్డిచ్చి పంపింది.

ఆ కార్డు జేబులోంచి తీసి చూపిస్తూ ఓదెలు అడిగాడు: “నొచ్చుకుంటే ఆనాడే అనాలె గద గురువయ్యా. నవ్వుకుంట పోయి, మూడేండ్లకు పగ తీర్చుకునుడు ఏం న్యాయం?”

గట్టయ్య కార్డు ముట్టుకోలేదు. ముసలాయన ముఖం చూసి ఓదెలుకు, అడగకుండా ఉంటే బాగుండేదనిపించింది. తర్వాత ఆయన చెప్పిన సంగతి ఇది.

ముప్పై ఏళ్ళ వయసులో గట్టయ్యకు తన చెవి మీద మహా గర్వం. నడుస్తూ నడుస్తూ ఒక తట్టు తట్టి, ఇది మంచిది, ఇది కాదు అని తేల్చేవాడు. ఊరు ఊరంతా ఆయన మాటే వేదమనడంతో కాళ్ళు నేల మీద ఆనేవి కావు. అప్పుడూ ఇలాంటి రాళ్ళవానే పడింది. ఊళ్ళో వరసకు చిన్నమ్మ అయ్యే లసుమవ్వ, మొగుడు పోయిన మనిషి, ఒక్కతే ఉండేది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు తడిసిపోయాయని పరుగెత్తుతూ, నా ఇల్లు కూడా కాస్త చూడు బిడ్డా అని చెప్పి పోయింది. అప్పటికే నాలుగు కప్పులెక్కి దిగిన గట్టయ్య ఆమె వాకిట్లో నిలబడి తలెత్తి చూశాడు. ఒక్క పెంకూ చెదరలేదు. నిచ్చెన గోడకే ఆనించి ఉంది. ఎక్కి ఒక్కో గూనా కొట్టి చూడాలంటే పూట పడుతుంది. అవతల పెద్దమనుషులు ఎదురుచూస్తున్నారు. వెళ్ళిపోయాడు.

సాయంత్రం దారిలో లసుమవ్వ ఎదురై ఇల్లు చూశావా అని అడిగింది.

“చూసిన చిన్నమ్మా. ఒక్క గూన పలగలే.”

చూశాడన్నది అబద్ధం కాదు. ఎక్కాడని ఆయన అననూ లేదు. అంత తెలివిగా అతికిన మాట తన జన్మలో ఇంకొకటి అనలేదని చెబుతూ గట్టయ్య తల దించుకున్నాడు.

మిరుగు వచ్చింది, వానలు మొదలయ్యాయి. పగులులోంచి దిగిన నీళ్ళు నేల మీద పడి ఉంటే ఎవరికైనా తెలిసేది. అవి వాసం వెంట జారి మట్టిగోడ నడినెత్తిన ఇంకాయి. నెల తిరిగేసరికి వడ్ల గుమ్మి వెనక గోడకు చెమ్మ కనిపించింది. లసుమవ్వ చూసింది కూడా. గట్టయ్య చూసి బాగుందన్నాక మళ్ళీ పిలిస్తే అతని పనిని అనుమానించినట్టవుతుందని, పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడని ఊరుకుంది. భాద్రపదంలో ఒక మధ్యాహ్నం ఆమె వడ్లు తోడుతుండగా ఆ గోడ కూలింది. ప్రాణం దక్కింది కానీ తుంటి ఎముక విరిగి, మళ్ళీ తిన్నగా నడవలేదు.

ఆ రోజు గట్టయ్య నిలిచిన సగం కప్పు ఎక్కాడు. అడగకుండానే ఎక్కాడు. ఒక్కో గూనా కొడుతూ పోయాడు. మూడింట ఒకటి పలకలేదు. కింద వాకిట్లో మంచం మీద పడుకున్న లసుమవ్వ చుట్టూ చేరి ఆడవాళ్ళు ఇదెవరి తప్పని గొణుగుతుంటే, ఆమె గట్టిగా అన్న మాట పైన ఉన్న గట్టయ్యకు వినిపించింది.

“గట్టయ్యను ఒక్క మాట అనకుండ్రి. ఆయన ఎక్కి చూసిండు. చూసినంక గూడ కూలిందంటే అది నా రాత.”

గట్టయ్య దిగాడు. ఆ గోడ మళ్ళీ పెట్టించాడు, కప్పు కొత్తగా కప్పాడు, పండగకీ పబ్బానికీ ఆమె ఇంటికి వెళ్ళి వంగి దండం పెట్టేవాడు. ఆమె కట్టె ఆనించుకుని వచ్చి, ఎదురుగా కూర్చుని, ఇంత శ్రద్ధగల పనివాడు చుట్టుపక్కల లేడని వచ్చినవాళ్ళతో పొగిడేది. ఆ పొగడ్త వింటూ ఆయన మజ్జిగ తాగి వచ్చేవాడు. అలా ఎనిమిదేళ్ళు గడిచాక ఒక మాఘమాసంలో ఆమె పోయింది.

ఓదెలు చేతిలో కార్డు నలిగిపోయింది. గొంతు తగ్గించి, ఎక్కలేదన్న సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదా అని అడిగాడు.

గట్టయ్య మోకాళ్ళ మీద చేతులు మోపి లేచాడు. “పోయినప్పుడల్లా చెప్దామనే పోయిన,” అన్నాడు. తర్వాత గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే అడిగాడు: “మీ అక్క ఊరికి బస్సు ఎన్నిటికి ఓదెలూ?”