వీధి చివరికి వెళ్ళిన కుంపటి

అనగనగా ఒక ఊరు ఉండేది అమ్మడూ. ఆ ఊరికి పొలం లేదు, పుట్ర లేదు, బస్సు కూడా ఆగదు. ఎందుకంటే ఆ ఊరు ఒక పిల్ల తలకాయలో ఉండేది. నవ్వకు. నీ తలకాయలోనూ ఒకటి ఉంది. నువ్వు నవ్వితే వాళ్ళ ఇళ్ళు ఊగుతాయి.

ఆ పిల్ల పేరు నూకరత్నం. సముద్రం ఒడ్డున పాకలో ఉండేది. తండ్రి ఎక్కడో దూరపు రేవులో బోటు పనికి వెళ్ళాడు. తల్లి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని సంతకి పోయేది. ఇంట్లో మిగిలేది నూకరత్నం, వాళ్ళ తాత ఎల్లాజీ. తాతకి దుంగలు కట్టిన తెప్ప ఒకటి ఉంది. దాని మీద వేటకి పోయి, నాలుగు చేపలు తెచ్చి, అదే తన రాజ్యమన్నట్టు ఒడ్డున కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు.

ఆ ఒడ్డుకి ఒక పెంకితనం ఉంది. నీళ్ళ కింద అన్నీ రాళ్ళు. రాళ్ళ మధ్య తెప్ప పట్టేంత సందు ఒక్కటే. అది పైకి కనబడదు. అందుకని తాత ఒడ్డు మీద గుర్తు పెట్టుకున్నాడు. ఒడ్డున ఒంటి తాడిచెట్టు ఉంది. దాని వెనక, దూరంగా మిట్ట మీద, బడి ఉంది, బడికి అవతల నీళ్ళ ట్యాంకు ఉంది. తెప్ప పోతుంటే చెట్టు కూడా నడుస్తున్నట్టు ఉంటుంది. ముందు వచ్చి బడికి ఎదురుగా నిలబడుతుంది. అప్పుడు తిప్పితే రాళ్ళే గతి. ఇంకొంచెం ఓపిక పడితే ట్యాంకుకి ఎదురుగా నిలబడుతుంది. అప్పుడే తిప్పాలి.

అలా ఉండగా తాత కళ్ళకి మసకలొచ్చాయి. ఎక్కడి చెట్టు? దాని వెనక బడి ఎక్కడ? ఏమీ కనబడదు. అప్పుడు నూకరత్నం తల్లి, "మావా, ఇంక సంద్రం మానీ. తెప్ప అమ్మేద్దాం," అంది. తాత కంచం పక్కకి జరిపి లేచిపోయాడు.

అది చూసి పిల్ల, "నానెల్తానమ్మా. తాతకి నాను గుర్తు సెప్తాను," అంది. తల్లి, "సరే. అమాస లోపల నీకు గుర్తు నిలిస్తే తెప్ప ఉంటాది. లేపోతే లేదు," అంది. ఖరాఖండీ మనిషి.

ఇంక లోపలి ఊరి సంగతి విను.

ఆ ఊళ్ళో ఒక్కొక్కళ్ళు పిల్ల చూసినవాటిలో ఒక్కొక్కటి దాచుకుంటారు. తాడిచెట్టును దాచుకున్నావిడ పేరు చేతులమ్మ. ఆమెకి మర్రిచెట్టుకి కొమ్మలున్నన్ని చేతులు. ఆమె చెయ్యి వెళ్ళి ఎవరి చేతిని పట్టుకుంటే, ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి గుర్తొస్తాయి. నూకరత్నం ఆ చెట్టు ముంజలు తింటూ బడికి పోయేది కదా. అందుకని చేతులమ్మ చెయ్యి ఒకటి బడిని దాచుకున్నావిడ చేతిలో ఎప్పుడో పడిపోయింది. మోకులాంటి పట్టు అది. ట్యాంకును దాచుకున్న బానమ్మ మాత్రం వీధి చివర ఉండేది. ఆమెతో చేతులమ్మకి మాటల్లేవు. పోట్లాటేం కాదు, దూరం, అంతే.

ఊరి పక్కనే ఎర్ర కాలువ పారేది. చేతులమ్మకి ఒక దాది ఉంది. దాదమ్మ అనేవారు. ఒక కాలు కాలువలో, ఒక చెయ్యి చేతులమ్మ గుమ్మంలో పెట్టుకుని, పిల్ల తిన్న బువ్వ బెల్లం నీళ్ళై కాలువలో వస్తే తోడి అందించేది. చేతులమ్మ దాన్ని కుంపటి మీద వండుకుని, ఆ బలంతో చెయ్యి చాపేది. చూడబోతే పిడికెడు ఊరు. తిండి మాత్రం ఇంతా అంతా కాదు. కూర్చున్న చోటునుంచి కదలకుండా తినే ఊరది, మీ మావయ్యలాగా.

మొదటి రోజు తాత పిల్లని తెప్ప ఎక్కించాడు. నేర్చుకునే రోజులు గనక ఇంకెవరి తెప్ప వెనకో తిరిగొచ్చేవారు. తాత చెప్పినట్టే చెట్టు వచ్చి ట్యాంకుకి ఎదురుగా నిలబడింది. పిల్ల చూసింది. అప్పుడు లోపల చేతులమ్మ చెయ్యి చాపింది. వీధి పొడుగునా చాపింది. బానమ్మ వేలికి వేలు తగిలి చిటుక్కుమని మెరిసింది.

"ఏటొదినా, ఇన్నాళ్ళకి తెలిసిందేటి నా ఇల్లు?" అంది బానమ్మ.

చెయ్యి అందింది గానీ నిలవద్దూ? నిలవాలంటే అక్కడ ఒక అరుగు కట్టాలి. అరుగు కట్టాలంటే ఒంట్లో సత్తువ కావాలి. కుంపటి చూస్తే ఇంట్లో ఉంది, పని చూస్తే వీధి చివర ఉంది. వండింది మోసుకుపోయేసరికి చల్లారిపోయింది. చల్లారిన బువ్వతో మట్టి కూడా పిసకలేకపోయారు. పొద్దు వాలేసరికి చెయ్యి జారిపోయింది.

తెల్లారి తాత అడిగాడు. "ఒలే గుంటా, సెట్టు దేనికెదురుగా రావాల?"

"బడికి తాతా."

"బాగుందే. రాళ్ళు మనకోసం కాసుక్కూకున్నాయి," అన్నాడు తాత.

నూకరత్నానికి సిగ్గేసింది. ఆ తర్వాత ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? గంగమ్మ తల్లికి మొక్కుకుంది. గుర్తు నిలిచేదాకా ముద్ద ముట్టనంది. వాళ్ళమ్మ అమావాస్యకి ఒక్కపొద్దు ఉండడం చూసింది కదా, ఆకలితో ఉంటే దేవత మాట వింటుందనుకుంది. తల్లి పెట్టిపోయిన అన్నం కోళ్ళకి వేసి, "తిన్నాను తాతా," అంది. మసక కళ్ళ తాతకి కంచం ఎక్కడ కనబడుతుంది?

అలా రెండోసారి తెప్ప ఎక్కింది. చెట్టు వచ్చి ట్యాంకుకి ఎదురుగా నిలబడింది. చేతులమ్మ మళ్ళీ చెయ్యి చాపింది. బానమ్మ వేలు మళ్ళీ తగిలింది. దాదమ్మ కాలువలో కుండ ముంచితే అడుగున చెంచాడు నీళ్ళు వచ్చాయి.

అప్పుడు ఊరి పెద్ద చాటింపు వేయించాడు. కరువొచ్చింది, ఉన్న కాస్తా ఊపిరికీ గుండెకీ పోవాలి, కొత్త అరుగులు కట్టడాలు బందు, అని.

"తెప్ప అమ్మేత్తారు బాబూ. ఒక్క అరుగు కట్టుకోనీ," అని చేతులమ్మ కాళ్ళావేళ్ళా పడింది.

"పేణముంటే కదే తెప్ప. ముందు పేణం," అన్నాడు పెద్ద. చెడ్డవాడేం కాదు. కరువులో ఎవరు మాత్రం అరుగులు కడతారు? చెయ్యి మళ్ళీ జారిపోయింది. పిల్ల మళ్ళీ "బడి" అంది.

మూడోసారి తెప్ప మీద నూకరత్నానికి కళ్ళు తిరిగాయి. పడబోతుంటే తాత మణికట్టు పట్టుకున్నాడు. కళ్ళకి కనబడంది చేతికి తెలిసింది.

"సెయ్యి ఇంత సల్లగుందేటే? తిన్నావా?"

పిల్ల ఏడ్చేసింది. మొక్కు సంగతి చెప్పేసింది. తాత తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఓసి పిచ్చి గుంటా! గంగమ్మ సేపని తింటాది, కోడిని తింటాది. నీ ఆకలి తింటాదేటే?" అన్నాడు. 

పక్క తెప్ప వెనకే ఒడ్డుకి తెచ్చాడు. గంజన్నంలో ఎండు చేప కాల్చి నలిపి, ముద్దలు చేసి తినిపించాడు. ఒళ్ళు నెమ్మదించాక మళ్ళీ తెప్ప దింపాడు. చెట్టు ట్యాంకుకి ఎదురుగా వచ్చింది. పిల్ల బాగా చూసింది. ఆ తర్వాత ఇంటికి తెచ్చి, ఆరేసిన వల నీడన పడుకోబెట్టాడు. పిల్ల ఆదమరిచి నిద్రపోయింది.

లోపల కాలువ పొంగి పారింది. పెద్ద చాటింపు ఎత్తేశాడు. దాదమ్మ కుండ మీద కుండ తోడి, "పట్టుకో తల్లీ," అని గుమ్మంలో దింపింది. చేతులమ్మ వంట మొదలుపెట్టబోయి ఆగిపోయింది. మొదటి రోజు సంగతి గుర్తొచ్చింది. కుంపటి ఇక్కడ, పని అక్కడ. వండింది మోసుకెళ్ళడమెందుకు, కుంపటినే మోసుకెళ్తే పోదా?

అంతే. కొంగు నడుముకి చుట్టి, నిప్పులతో సహా కుంపటి ఎత్తింది. వీధిలో వాళ్ళు తలుపులు తీసి చూశారు.

"పొయ్యిని ఊరేగిత్తందేటర్రా?" అని నవ్వారు.

నవ్వితే నవ్వనీ అని ఆమె తన దారిన తాను పోయింది. వీధి చివర కుంపటి దింపింది. దాదమ్మ అక్కడికే కుండ అందించింది. వేడి వేడిగా తిన్నారు, మట్టి కలిపారు. బానమ్మ కూడా తన వైపునుంచి మట్టి తెచ్చింది. పిల్ల నిద్రపోయినంతసేపూ కట్టారు. లేచేసరికి అరుగు ఆరింది. ఇద్దరూ దాని మీద కూర్చుని చేతులు పట్టుకున్నారు.

అమావాస్య దగ్గర పడింది. ఒక రోజు వాళ్ళ ముందర ఏ తెప్పా లేదు. తాతా మనవరాలూ ఇద్దరే వెళ్ళారు. తిరిగి వస్తుంటే గాలి లేచింది. కెరటం ఇంతెత్తు.

"సెప్పవే, సెట్టెక్కడ?" అని తాత అరిచాడు.

చెట్టు నడిచొచ్చి బడికి ఎదురుగా నిలబడింది. పాత మోకు ముందు లాగింది. పిల్ల నోట్లో "తిప్పు" అన్న మాట సగం వచ్చింది. అప్పుడు వీధి చివర బానమ్మ చేతులమ్మ చెయ్యి నొక్కింది.

"ఆగు తాతా! ఇది బడే. ఇంకా పోవాల."

కెరటం తెప్పని ఎత్తి కుదేసింది. తాత తెడ్డు బిగబట్టి కూర్చున్నాడు. ఆ పిల్ల మాట తప్ప ఆయనకి వేరే కళ్ళు లేవు. పిల్ల చూపు చెట్టు మీదే ఉంది.

"వచ్చింది! ట్యాంకుకెదురుగా వచ్చింది. తిప్పు తాతా!"

తాత తిప్పాడు. అటూ ఇటూ రాళ్ళ మీద నీళ్ళు తెల్లగా ఉడుకుతున్నాయి. మధ్యలోంచి తెప్ప జారిపోయింది. అడుగున ఇసక గీసుకుంది.

ఒడ్డున తల్లి తట్ట పట్టుకుని నిలబడి ఉంది. అంతా చూసింది. కళ్ళు తుడుచుకుని, "తెప్పకి కొత్త తాడు కట్టు మావా. పాతది కుళ్ళింది," అంది. అమ్మకం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. గాలివానకి తాడిచెట్టు పడిపోయింది. ట్యాంకు పాతదైపోయిందని కూల్చేశారు. తెప్ప పొయ్యిలోకి పోయింది. తాత కూడా వెళ్ళిపోయాడు. నూకరత్నం ముసలిదైంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఊరంతా వెతుక్కుంటుంది.

అయినా ఎక్కడైనా ఒంటి తాడిచెట్టు కనబడితే చాలు, అది నడిచొచ్చి లేని ట్యాంకుకి ఎదురుగా నిలబడుతుంది. దాని వెనకే తెప్ప వస్తుంది. తెప్ప మీద తాత ఉంటాడు. ఆమె మణికట్టు పట్టుకుని "తిన్నావా?" అని అడుగుతాడు. వీధి చివర ఆ కుంపటి ఇంకా ఆరలేదు మరి.

నువ్వు తిన్నావుగా? అయితే కళ్ళు మూసుకో. వాళ్ళకి పనుంది.

కథేమో కంచికి,
కుంపటి వీధి అంచుకి,
తాత తెప్ప ఒడ్డుకి,
మనమిద్దరం నిద్దరకి.